ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

(సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా 2022 ఫిబ్రవరిలో పరిటాలలో జరిగిన గిరిజన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నాకు ఇచ్చిన అంశం 'కరోనా, ఆన్‌లైన్ చదువులు, ఉద్యోగాలు'. నేను పెద్ద వక్తని కాదు. అంగలూరు డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసి, కొన్నాళ్లు బడిలో పాఠాలు చెప్పి, తర్వాత గిరిజన బాలికల హాస్టల్‌కి వార్డెన్‌గా వచ్చాను. బియ్యం తూకం, గుడ్ల లెక్క, జ్వరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఇవే నా రోజువారీ పనులు. కాబట్టి నేను కళ్లారా చూసిందే చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. అదీ చెబుతాను.

ముందు మనం కూర్చున్న ఈ ఊరి సంగతి. హైవే మీద పోయేవాళ్లకి పరిటాల అంటే ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం. ఊరి పెద్దలకి ఇంకో కథ తెలుసు. చుట్టూ బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా, నడుమ పరిటాల మాత్రం నిజాం ఏలుబడిలోని జాగీరు. 1947 ఆగస్టు 15న చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ స్వాతంత్ర్యం వచ్చింది, ఈ ఊరికి రాలేదు. పొలం గట్టు దాటితే స్వతంత్ర దేశం, గట్టుకి ఇవతల నిజాం రాజ్యం. ఇక్కడివాళ్లు ఊరుకోలేదు. పరిటాల రిపబ్లిక్ అని తమకి తామే ప్రకటించుకున్నారు.

2020లో మన తండాల పరిస్థితి చూసినప్పుడు నాకు ఆ కథ గుర్తొచ్చింది. చుట్టూ ప్రపంచమంతా ఆన్‌లైన్ అయిపోయిందన్నారు. నడుమ మన తండా ఒక దీవిలా మిగిలింది.

2020 మార్చి 18 సాయంత్రం, రేపటి నుంచి బడులకి సెలవులని తెలిసింది. అప్పుడు నా హాస్టల్లో 64 మంది పిల్లలు. ఒక్కరూ దిగులు పడలేదు. వారంలో ఉగాది కదా, "పండక్కి ఇంటి దగ్గరే ఉంటాం మేడం" అని గంతులేశారు. పదో తరగతి వాళ్లు పరీక్షలున్నాయని పుస్తకాలు పట్టుకెళ్లారు. మిగతావాళ్లు రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని, ట్రంకుపెట్టెలకి తాళాలేసి, తాళంచెవి దారానికి కట్టి మెళ్లో వేసుకుని వెళ్లిపోయారు. పుస్తకాలన్నీ పెట్టెల్లోనే ఉండిపోయాయి. పది రోజుల్లో తిరిగొచ్చేవాళ్లకి పుస్తకాలు మోయడమెందుకు?

22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. ఆ రోజు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఏం జరిగిందో ఇక్కడున్న తమ్ముళ్లలో కొందరికి నాకంటే బాగా తెలుసు. హైదరాబాదులో హాస్టళ్లు మూసేస్తామంటే, పోలీసులిచ్చిన కాగితం పట్టుకుని బయల్దేరిన పిల్లలంతా సరిహద్దులో ఆగిపోయారు. వెనక్కి పోవడానికి గది లేదు. ముందుకి పోనివ్వరు. కోచింగుకి వెళ్లినవాళ్లు, చిన్న ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు, అందరూ ఆ రోడ్డు మీదే ఉన్నారు. అదే రోజు ఇక్కడ మిరపకోతలు సగంలో ఆగాయి, క్వారీలు ఆగాయి. చదువు, పని, రెండూ ఒకేసారి మూతపడ్డాయి.

కొన్నాళ్లకి టీవీలో, దూరదర్శన్ సప్తగిరి చానల్లో పాఠాలు మొదలయ్యాయి. సరిహద్దు అవతల తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్‌లో, యాదగిరి చానల్లో చెప్పారు. వాట్సాప్ గ్రూపులు పెట్టమన్నారు. పిల్లల తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉన్నాయా లేవా అని ఒక ఫారం వచ్చింది. నా రిజిస్టరులో 64 మందివీ ఉన్నాయి. 64కి 64 'ఉంది' అని నింపి పంపేశాను. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

నా తప్పు అక్కడే మొదలైంది. ఫోన్ ఉందా అని అడిగారు, ఉందని రాశాను. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆగస్టులో ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, పెట్టెలు ఎక్కించుకుని తండాలకి బయల్దేరాను. మొదటి ఇంట్లో పిల్ల తల్లి ఉంది. "ఫోనుందా వదినా?" అంటే, "ఉంది బాయీ, మీ అన్న క్వారీకి తీసుకెళ్లాడు. రాత్రి ఎనిమిదింటికి గానీ రాడు" అంది. పాఠం వచ్చేది పొద్దున. రెండో ఇంట్లో ఫోనుంది, రీఛార్జి అయిపోయి నెలయింది. మూడో ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను. నాలుగో ఇంట్లో ఫోను మంచిదే, చదివేవాళ్లు ముగ్గురు. ఇంటరు చదివే అన్నకి ముందు, మిగిలితే తమ్ముడికి, ఆ తర్వాత నా హాస్టల్ పిల్లకి. ఆ పిల్లదాకా వచ్చేసరికి చార్జింగ్ అయిపోతుంది. ఒక తండాలో సిగ్నల్ వాటర్ ట్యాంకు మీదే అందుతుంది. మగపిల్లలు ట్యాంకెక్కి కూర్చున్నారు. ఆడపిల్లని ట్యాంకు ఎవరెక్కనిస్తారు?

పెట్టెలు దించుతుంటే పిల్లలు మెళ్లో తాళంచెవులు తీసి అక్కడే తెరిచారు. అయిదు నెలలపాటు వాళ్లకి ఆన్‌లైన్ చదువు నడిచిందని కాగితాల్లో ఉంది. వాళ్ల పుస్తకాలు మాత్రం నా హాస్టల్ స్టోరు గదిలో ఉన్నాయి.

ఇది ఒక్క మన బాధ కాదు. యునెస్కో లెక్కలో ఆ ఏడాది ప్రపంచమంతా 150 కోట్లమందికి పైగా విద్యార్థులు బడికి దూరమయ్యారు. మన దేశంలో 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు నూటికి 15 లోపే, కంప్యూటర్ ఉన్నవి 5 లోపే. ప్రథమ్ సంస్థ 2020లో ఫోన్ల ద్వారా చేసిన అసర్ సర్వేలో, బడి పిల్లలున్న గ్రామీణ కుటుంబాల్లో 61.8 శాతానికి స్మార్ట్‌ఫోను ఉంది. రెండేళ్ల ముందు అది 36.5 శాతమే. వినడానికి బాగుంది కదా? అదే సర్వేలో, అడిగిన వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠం గానీ పని గానీ అందిన పిల్లలు 35.6 శాతమే. ఫోన్ ఇంటికి చేరింది. చదువు పిల్లదాకా చేరలేదు. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల మధ్య ఇంకో సర్వే చేశారు. అందులో మన రాష్ట్రం లేదు. పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు నూటికి 8 మంది, అసలేమీ చదవనివాళ్లు 37 మంది అని తేలింది.

మన పిల్లలకి ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఇంట్లో మాట గోర్ బోలీ, బళ్లో మాట తెలుగు. చిన్నపిల్లలకి హాస్టల్లో తోటిపిల్లలతో ఆడుకుంటూ, కొట్టుకుంటూ తెలుగు వస్తుంది. టీవీలో మేడం ఎంత బాగా చెప్పినా, ఆ మేడంకి ఎదురు మాట్లాడలేరు కదా. నడుమ కొన్ని వారాలు బడులు తెరిచినా మళ్లీ మూసేశారు. 2021 ఆగస్టు 16న మళ్లీ తెరిచినప్పుడు, మూడో తరగతిలో వెళ్లిన ఒక పిల్ల అయిదో తరగతి పిల్లగా తిరిగొచ్చింది. తెలుగు పుస్తకం ఇస్తే తలకిందులుగా పట్టుకుని నన్ను చూసి నవ్వింది. 'పిల్లకి తెలిసినదాని నుంచి తెలియనిదాని వైపు నడిపించాలి' అని ట్రైనింగులో మాకు మొదటి రోజే చెప్పారు. ఆ పిల్లతో నేను గోర్ బోలీలో కథ చెప్పించి, దాన్నే తెలుగక్షరాలతో పలక మీద రాసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

తీజ్ పండగకి మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు కదా. ఆ నీళ్లు దగ్గరుండి చేత్తో పోయాలి. చిన్నపిల్లల చదువూ అంతే.

ఇప్పుడు నా తప్పులో రెండో సగం చెబుతాను.

నేను తీసుకెళ్లిన పెట్టెల్లో ఒకటి తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంది. పనికోసం గుంటూరు వైపు వెళ్లారని పక్కింటివాళ్లు చెప్పారు. పిల్ల తొమ్మిది పూర్తి చేసి పదికి రావాలి. లెక్కల్లో చురుకు, మెస్ ఖాతాలో నా కూడిక తప్పులు పట్టుకునేది. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తెరిచారు. అది రాలేదు. ఇచ్చిన నంబరుకి చేస్తే స్విచాఫ్. రెండు మూడుసార్లు చేసి ఊరుకున్నాను.

ఆ చలికాలంలో నాకు కొత్త నంబరు నుంచి రెండు మిస్డ్ కాల్స్ వచ్చాయి. ఎవరో లోన్లవాళ్లు అనుకున్నాను, తిరిగి చెయ్యలేదు. ఎండాకాలంలో ఆ పిల్లకి పెళ్లయిపోయిందని తెలిసింది. తర్వాత దాని చిన్నమ్మ కనపడి చెప్పింది: "నీకు ఫోన్ చేసింది బాయీ, పక్కవాళ్ల ఫోన్లోంచి. బ్యాలెన్సు లేక రెండు రింగులిచ్చింది."

2021లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. నామినల్ రోల్స్‌లో పేరున్న అందర్నీ పాస్ చేశారు. పరీక్ష రాయకపోయినా ఫరవాలేదు, పేరుంటే చాలు. ఆ ఒక్క ఏడాది దాని పేరు అందులో ఉంటే ఈపాటికి పది పాసయిన పిల్ల. ఆ రెండు రింగులకి నేను తిరిగి ఫోన్ చేసి ఉంటే పేరు ఉండేది.

ఆడపిల్లలకి ఇలా జరుగుతుందని ముందే తెలియని విషయం కాదు. ఆఫ్రికాలో సియెరా లియోన్ అనే దేశంలో 2014లో ఎబోలా వచ్చి, దాదాపు తొమ్మిది నెలలు బడులు మూసేశారు. అక్కడా రేడియోలో పాఠాలు చెప్పారు. బడులు తెరిచేసరికి చాలామంది ఆడపిల్లలు గర్భంతో ఉన్నారు. వాళ్లని బడికి రావద్దన్నారు. ఆ నిషేధం ఎత్తెయ్యడానికి 2020 మార్చి దాకా పట్టింది. బడి మూసిన ప్రతిచోటా ముందు దూరమయ్యేది ఆడపిల్లే.

ఇక ఉద్యోగాలు. తమ్ముళ్లూ, ఇది మీకోసం.

మన తాతముత్తాతల పని ఏంటో మీకు తెలుసు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరగడం. తీరం నుంచి ఉప్పు దక్కనుకి, అక్కణ్ణుంచి ధాన్యం ఇటు. మన ఎదురుగా ఉన్న ఈ హైవే ఈ చివర బందరుకి, ఆ చివర హైదరాబాదు మీదుగా పుణెకి పోతుంది. అప్పట్లో సరుకంటే లంబాడీ, లంబాడీ అంటే దారి. తర్వాత రైలొచ్చింది, రోడ్లొచ్చాయి. నెలలు పట్టే ప్రయాణం రోజుల్లో అయిపోయింది. మనవాళ్ల ఎడ్లకి పని పోయింది. పని పోయినవాణ్ణి ఆదుకోవాల్సింది పోయి, 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఎన్నో సంచార జాతులతో పాటు మనవాళ్లని కూడా చాలాచోట్ల దొంగల్లా చూశారు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

దారి మారినప్పుడు మనకి ఎవరూ చెప్పలేదు. కొత్త దారి మనకి నేర్పలేదు. ఆ నష్టం నుంచి మనం ఇంకా కోలుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు మళ్లీ దారి మారింది. నోటిఫికేషన్ ఆన్‌లైన్, దరఖాస్తు ఆన్‌లైన్, హాల్‌టికెట్ ఆన్‌లైన్, పరీక్ష కంప్యూటర్ మీద, ఇంటర్వ్యూ వీడియోలో. ఇది కరోనాతో మొదలవలేదు, మన రాష్ట్రంలో 2018 డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదే పెట్టారు. కరోనా దాన్ని తొందర చేసింది. నాకు తెలిసిన ఒక తమ్ముడు జీకేలో దిట్ట. పరీక్ష హాల్లో మౌస్ పట్టుకోవడం అదే మొదటిసారి. బాణం గుర్తుని సమాధానం మీద నిలబెట్టేసరికి టైము కరిగిపోయింది. "అక్కా, నాకు అన్నీ తెలుసు, చెయ్యే తిరగలేదు" అన్నాడు. ఇప్పుడు సెలవు రోజుల్లో వచ్చి మా ఆఫీసు కంప్యూటర్ మీద మాక్ టెస్టులు రాస్తున్నాడు.

కొందరు తమ్ముళ్లు హైదరాబాదులో, విజయవాడలో డెలివరీ పనికి వెళ్లారు. తప్పేమీ లేదు, ఒళ్లు వంచి చేసే ఏ పనీ తక్కువది కాదు. కానీ లెక్క తెలుసుకుని చెయ్యండి. బండి మీది, పెట్రోలు మీది, కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు మీది. మేస్త్రీ ఉన్నచోట మేస్త్రీతో పోట్లాడొచ్చు, యాప్‌తో ఎవరు పోట్లాడతారు? 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా కోడ్‌లో మొదటిసారి ఇలాంటి పనివాళ్ల ప్రస్తావన వచ్చింది. మీరు చెయ్యగలిగింది ఒకటుంది. 2021 ఆగస్టు 26న కేంద్రం ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులు ఎవరైనా చేరొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు. మీరు చేరండి, మిరపకోతకి వెళ్లే అమ్మని, క్వారీకి వెళ్లే నాన్నని చేర్చండి.

అయితే ఆన్‌లైన్ అంతా చెడ్డదని చెప్పి పోవడానికి నేను రాలేదు. ఒక తండాలో ఏం జరిగిందో చెబుతాను.

అక్కడి అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లాక్‌డౌన్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఇంటికొచ్చాడు. పగలంతా డాబా మీద లాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. కొడుకు గాలితో మాట్లాడుతున్నాడని వాళ్ల నాయనమ్మ బెంగపడిందట. సాయంత్రం ఆరయ్యేసరికి వేపచెట్టు కింద మంచం వేసుకుని, తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, ఎనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టేవాడు. పాఠం ఒక్క ఫోన్లో వచ్చేది, ఆపి ఆపి అతను గోర్ బోలీలో చెప్పేవాడు. రాయించేవాడు. రానివాళ్ల ఇంటికెళ్లి పిలుచుకొచ్చేవాడు. అందులో నా హాస్టల్ పిల్లలు నలుగురు. నలుగురూ తిరిగొచ్చారు. ఒక్కరూ ఆగిపోలేదు.

అదే ఫోను, అదే పాఠం, అదే సిగ్నల్. తేడా ఎక్కడుంది? ఫోను పక్కన ఒక మనిషి ఉన్నాడు. ఈ రెండేళ్లలో నేను నేర్చుకున్న పాఠం ఇదొక్కటే. యంత్రం ఒక్కటే చదువు చెప్పదు, ఉద్యోగమూ ఇవ్వదు. దాని పక్కన మనవాడు ఒకడు నిలబడాలి.

అందుకే మిమ్మల్ని కొన్ని అడుగుతున్నాను.

ఒకటి. మీ పేరు మీద ఈమెయిలు మీరే తెరవండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. నెట్ సెంటర్ అతని ఫోన్ నంబరుతో దరఖాస్తు చేసి, ఓటీపీ అతనికెళ్లి, హాల్‌టికెట్ సంగతే తెలియక పరీక్ష పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కులం సర్టిఫికెట్, మార్కుల జాబితా స్కాన్ చేసి దాచుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం కాదు, ముందే సిద్ధంగా ఉండాలి.

రెండు. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డబ్బు ఫోన్లో పంపమన్నవాణ్ణి నమ్మకండి. సర్కారు పరీక్షకి ఫీజు ఉంటే అది సొంత వెబ్‌సైటులో ఉంటుంది, అందులోనూ చాలా పరీక్షలకి ఎస్టీలకి మినహాయింపో తగ్గింపో ఉంటుంది, చూసుకోండి. అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోకండి. అవి మీ ఫోన్లో నంబర్లన్నీ తీసుకుని, చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తాయి. 2020 చివర్లో తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలు దీనివల్ల ఏడ్చాయో పేపర్లో చూశారు.

మూడు. అన్నలారా, ఇంట్లో ఫోను రోజుకి ఒక గంట చెల్లెలి చేతిలో పెట్టండి. జాలిపడి ఇస్తున్నామనుకోకండి, అది దాని వాటా. చెల్లెళ్లూ, 1098 గుర్తుపెట్టుకోండి. ఆ చైల్డ్‌లైన్ నంబరుకి బ్యాలెన్సు అక్కర్లేదు. మీకు గానీ మీ స్నేహితురాలికి గానీ చదువు మధ్యలో పెళ్లి మాటొస్తే ఆ నంబరుకి చెయ్యండి.

నాలుగు. మీలో డిగ్రీ చదివినవాళ్లు, ఇంటరు చదివినవాళ్లు, తలా ఇద్దరు చిన్నపిల్లల్ని పట్టుకోండి. సాయంత్రం ఒక గంట చాలు. గోర్ బోలీలో చెప్పండి, తెలుగులో రాయించండి.

పెద్దలకి ఒక్క మనవి. గుడి అరుగు మీదో, కమ్యూనిటీ హాల్లోనో ఒక కంప్యూటరు, ఒక నెట్ కనెక్షను పెట్టించండి. జయంతి చందాలో కొంత దీనికి తియ్యండి. సేవాలాల్ మహరాజ్ జాతిని నడిపించిన పెద్ద. కొత్త దారి నేర్పడం కూడా ఆయన సేవే.

పరిటాలవాళ్లు 1947లో, మాకు స్వాతంత్ర్యం ఎవరో తెచ్చి ఇస్తారని కూర్చోలేదు. అలాగని అందరితో వేరుపడిపోవాలనీ అనుకోలేదు. చుట్టూ ఉన్న దేశంలో కలవడం కోసమే పోరాడారు. మనం అడగాల్సిందీ అదే. తండాకి సిగ్నల్ కావాలి, హాస్టల్‌కి కంప్యూటర్లు కావాలి అని గట్టిగా అడుగుదాం. అవి వచ్చేదాకా వేపచెట్టు కింద మంచం వేసుకుందాం.

ఆ పిల్ల పెట్టె ఇంకా నా స్టోరు గదిలోనే ఉంది. తాళం పగలగొట్టలేదు. పోయిన నెల దాని అత్తగారి ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. చంకలో బిడ్డ. నన్ను చూసి ముందు లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి బయటికొచ్చి, "మేడం, తాళంచెవి నా దగ్గరే ఉంది" అంది. ఓపెన్ స్కూల్లో పది కట్టొచ్చని చెప్పాను. వాళ్లత్త వింటూ కూర్చుంది, కాదనలేదు, అవుననలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను. ఈసారి పెట్టె కూడా తీసుకెళ్తున్నాను.

ఇప్పుడు నాకు ఏ కొత్త నంబరు నుంచి మిస్డ్ కాల్ వచ్చినా తిరిగి చేస్తాను. పదిలో తొమ్మిది లోన్లవాళ్లే. పదోది ఎవరిదో తెలియదు కదా. మీరూ చెయ్యండి.

సెలవు. జై సేవాలాల్.